స్టూడియోకు వెళ్తే డెస్క్ చూడండి

జర్నలిజం విద్యార్థుల్ని టీవీ స్టూడియోకు తీసుకెళ్తే అందరూ ముందు యాంకర్ కుర్చీ దగ్గరికే వెళ్తారు. అక్కడ ఫొటో దిగాలన్న ఉబలాటం సహజమే. కానీ టీవీ వార్త అర్థం కావాలంటే ముందు తెలుసుకోవాల్సింది నిమిషాల లెక్క.

కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు వాణిజ్య ప్రకటనలు 10 నిమిషాలు, చానల్ సొంత ప్రచారం 2 నిమిషాలు మించకూడదు. ఈ పరిమితిపై న్యూస్ చానళ్లు కోర్టుకూ వెళ్లాయి. అరగంట బులెటిన్‌లో 6 నిమిషాలు వాటికి పోయాయనుకుంటే మిగిలేవి 24. వార్తకు నిమిషంన్నర చొప్పున చూస్తే 16 వార్తలు. హెడ్‌లైన్లు, బైట్లు, వాతావరణం అన్నీ ఇందులోనే సర్దాలి. జిల్లాల నుంచి స్ట్రింగర్లు పంపినవన్నీ ఇందులో ఎక్కడ పడతాయి? ప్రముఖుడి పర్యటనకు మూడు నిమిషాలిచ్చి పత్తి రైతు గోడును 20 సెకన్లలో తేల్చేయాలా, వద్దా? ఈ నిర్ణయం అవుట్‌పుట్ డెస్క్‌లో, రన్‌డౌన్ (బులెటిన్‌లో వార్తల వరుస) వేసేటప్పుడు జరుగుతుంది. నా దృష్టిలో పిల్లలు చూడాల్సిన అసలు చోటు అదే.

ఫ్లోర్ మీద చూడాల్సింది టెలిప్రాంప్టర్. కెమెరా లెన్సు ముందు 45 డిగ్రీల కోణంలో వాల్చిన గాజు పలక ఉంటుంది. దాని కింది మానిటర్‌లో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, గాజు మీద ప్రతిఫలించి సరిగ్గా నిలబడతాయి. అందుకే యాంకర్ చదువుతున్నా మన కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటుంది. ఒక విద్యార్థి చేత చదివించి చూడండి. పొడవాటి సమాసం పంక్తి చివర విరిగిందంటే నాలుక తడబడుతుంది. బులెటిన్ స్క్రిప్టు చిన్న వాక్యాల్లో ఎందుకు రాస్తారో అప్పుడు తెలుస్తుంది.

వెనక తెర ఆకుపచ్చగా ఉండటానికీ లెక్క ఉంది. హెచ్‌డీ ప్రమాణంలో బొమ్మ వెలుతురును లెక్కగట్టేటప్పుడు 71 శాతానికి పైగా వాటా ఆకుపచ్చదే. మనిషి ఒంటి రంగు కూడా దానికి దూరంగా ఉంటుంది. కాబట్టి ఆ రంగును తీసేసి మరో దృశ్యం పెట్టడం తేలిక.

లైవ్‌లో యాంకర్ ప్రశ్న వేశాక రిపోర్టర్ క్షణంపాటు మౌనంగా నిలబడటం చూసే ఉంటారు. లైవ్ ఉపగ్రహం మీదుగా వస్తుంటే దానికి కారణం దూరమే. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ప్రశ్న, జవాబు రెండూ అదే దారిన నడిస్తే అర సెకను. ఎన్‌కోడింగ్ ఆలస్యం దీనికి అదనం.

ఉపగ్రహ టీవీ మన పల్లెలకు మొదట వచ్చింది కూడా చదువు కోసమే. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు సాగిన ‘సైట్’ (ఉపగ్రహ బోధనా టెలివిజన్) ప్రయోగంలో 6 రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. బడిపిల్లల పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం అందులో ప్రధానం.

విద్యార్థులకు మరో సంగతీ చెప్పాలి: చానల్ ప్రసారం చేసిందంతా 90 రోజులపాటు భద్రపరచాలని అప్‌లింకింగ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తప్పుగా పలికిన పేరు, నిర్ధారించుకోకుండా వేసిన బ్రేకింగ్ కూడా అందులో ఉంటాయి.

అధ్యాపకులకు ఒక విన్నపం. సందర్శనకు అనుమతి తీసుకునేటప్పుడే డెస్క్‌లో గంటసేపు కూర్చోనివ్వమని అడగండి. ఆ రోజు ఏ వార్తను ఆపేశారు, ఎందుకు ఆపేశారు అని విద్యార్థుల చేతే అడిగించండి.