లక్షలకొలది చిన్న ఫైళ్లకు నకలు తీయుట

కళ్లమునుండి గాదెకు ధాన్యమును పిడికెడు పిడికెడుగా మోసినచో ప్రొద్దంతయు నడకకే చెల్లును గదా. సర్వరులోని చిన్న ఫైళ్లకు నకలు తీయునపుడును ఇట్లే జరుగుచున్నది. నిమిషమునకు 7,200 మారులు తిరుగు హార్డుడిస్కులో ఒక ఫైలున్న తావును చేరుటకు సుమారు 12 మిల్లీసెకండ్లు పట్టును. ఒక్కొక్కటి 4 కిలోబైట్లు గల 10 లక్షల ఫైళ్లున్నచో, వెదకుటకే 3 గంటల 20 నిమిషములగును. అంతటి సమాచారమే ఒకే వరుసను ఉన్నచో అరనిమిషము చాలును. నకలు ముగియకమున్నే డిస్కు చెడెనా, విద్యార్థుల ఏడాది వ్రాతలు మరల రావు.

1979 నాటి యూనిక్సుతో వచ్చిన టార్ చిన్న ఫైళ్లను ఒక మూటగా కట్టును. మూట త్రోవలో వడిగా పోవును. అయినను కట్టుటకు ప్రతి ఫైలును తెరువవలసినదే. 1996లో ట్రిడ్జెల్, మెకరాస్ గార్లు వెలువరించిన ఆర్‌సింక్ మారిన వానినే పంపును. కాని మారినదేదో యెఱుగుటకు ప్రతి ఫైలు పరిమాణమును, తేదీని చూచి తీరవలెను. 10 లక్షల ఫైళ్లకు ఇదియు చిన్న పని కాదు.

2005లో సోలారిస్ మూలరచనలో చేరిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ చిక్కును విప్పినది. అది ఫైళ్ల నొక్కొక్కటిగా తడవదు. నిన్నటి స్నాప్‌షాటునకు పిమ్మట మారిన బ్లాకులనే గుర్తించి వేఱొక యంత్రమునకు పంపును. మాకు ఇదియే మేలుగా తోచుచున్నది. అయితే స్నాప్‌షాటు అదే డిస్కుపై నుండును గాన, పంపనిదే అది నకలు కానేరదు. పంపిన పిదప అప్పుడప్పుడు ఆ రెండవ యంత్రమునుండి ఒక ఫైలును తెచ్చి, తెఱచి, చదివి చూడవలెను.