పడ్డారు సరే.. ఎందుకు పడ్డారో చెప్పగలరా?

'మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి'.. ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. చాలామంది ఇక్కడే తడబడతారు. కొందరు 'పర్ఫెక్షన్ ఎక్కువ కావడమే నా బలహీనత' అని తప్పించుకుంటారు. ఎదుటివాళ్లకు అది తెలిసిపోతుంది. ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరకదు. అదెలా తయారవుతుందో చూడాలంటే వానలో తడుస్తూ ఒక వారాంతం బైక్ రేస్ ట్రాక్ దగ్గర గడపాలి. రండి, కాసేపు ఆ రేసర్ మీరే అనుకోండి.

మీరు.. మీ 165 సీసీ బైక్

మీది బీటెక్ మెకానికల్ చివరి ఏడాది. సొంతూరు విజయవాడ దగ్గర. రెండేళ్లపాటు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ 165 సీసీ బైక్ కొన్నారు. ఇంటి దగ్గరి మెకానిక్ బాబాయ్ సాయంతో రేసుకు సిద్ధం చేసుకున్నారు. బైక్‌ను పార్సిల్ లారీలో ముందే పంపించి, గురువారం రాత్రి మీరు చెన్నై రైలెక్కారు.

ఇక్కడ ఓ చిక్కుంది. సోమవారం ఉదయం 10 గంటలకు ఆ దగ్గర్లోనే ఒక వాహన కంపెనీలో ట్రైనీ టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగానికి మీకు ఇంటర్వ్యూ. రైలు కదలకముందే అమ్మ ఫోన్ చేసి ఒకటే మాట అంది: "చెయ్యి విరగ్గొట్టుకుని వెళ్తావా ఇంటర్వ్యూకి?"

మీరు వెళ్తున్నది మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి. చెన్నై-బెంగళూరు హైవే పక్కన, శ్రీపెరుంబుదూర్‌కు దగ్గర్లోని ఇరుంగట్టుకొట్టైలో ఉంటుంది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. దీన్ని నడిపే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. ఈ ట్రాక్ రాకముందు షోలవరంలోని పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగేవి. ట్రాక్ చుట్టుపక్కల ఎటు చూసినా కార్లు, బైక్‌లు, విడిభాగాలు తయారుచేసే కంపెనీలే. అంటే ఈ శని, ఆదివారాల్లో గోడకు ఇటువైపు మీరు చేసే పనికీ, సోమవారం అటువైపు మీరు అడగబోయే ఉద్యోగానికీ మధ్య దూరం పెద్దగా లేదు.

తనిఖీలో తేలిపోతుంది

ట్రాక్ మీదికి వెళ్లేముందు బైక్‌ను తనిఖీ చేస్తారు. దీన్నే స్క్రూటినీరింగ్ అంటారు. అద్దాలు, ఇండికేటర్లు, సైడ్ స్టాండ్ అన్నీ తీసేసి ఉండాలి. ఇంజిన్ ఆయిల్ బోల్టు ఊడిపోకుండా దానికి చిన్న రంధ్రం వేసి సన్నటి తీగతో బిగించి ఉండాలి. ఆ బోల్టు ఊడి ఆయిల్ కారితే మీ వెనక వచ్చేవాళ్లంతా వరసగా పడతారు మరి. ఇంజిన్‌ను నీళ్లతో చల్లబరిచే బైక్‌ల్లో కూలెంట్ బదులు ఉత్త నీళ్లే పోయాలనే నిబంధన కూడా అందుకే. కూలెంట్ రోడ్డు మీద పడితే జారుడు అంత తేలిగ్గా పోదు.

హెల్మెట్, లెదర్ సూట్, గ్లవ్స్, బూట్లు, వీపుకు పెట్టుకునే ప్రొటెక్టర్.. అన్నీ చూస్తారు. మీ తీగ వదులుగా ఉందని వెనక్కి పంపించారు. మీకు కోపం వచ్చింది. రెండోసారి బిగించుకుని వెళ్తే స్టిక్కర్ అంటించారు. రేపు ఫ్యాక్టరీలో మీరు ఓకే చేసిన పార్టును క్వాలిటీ వాళ్లు తిప్పి పంపినప్పుడు ఈ రోజు గుర్తుకొస్తుంది.

శనివారం: ఒక్క తెల్ల గీత

శనివారం క్వాలిఫయింగ్. ఎవరు ఎంత వేగంగా ఒక ల్యాప్ తిరిగితే దాన్నిబట్టి రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయిస్తారు. మొదటి రెండు ల్యాప్‌లు బాగానే పోయాయి. మూడో ల్యాప్‌లో ఒక మార్షల్ చేతిలో తెల్ల జెండా, దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు. ఆ భాగంలో చినుకులు పడుతున్నాయని అర్థం. మీరు చూశారు. చూసినా, 'ఈ ఒక్క ల్యాప్ లాగించేద్దాం' అనుకున్నారు.

వానలో అసలు ప్రమాదం మొదటి పది నిమిషాల్లోనే. అప్పటిదాకా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె, టైర్ల రబ్బరు తడిసి పైకి తేలతాయి. గట్టి వాన పడితే కొంత కొట్టుకుపోతాయి. చినుకులకైతే అక్కడే జిగటగా ఉండిపోతాయి. మీరు ఒక కుడి మలుపులోంచి బయటికొస్తున్నారు. బైక్ ఇంకా పూర్తిగా నిటారుగా లేవలేదు. వెనక టైరు ట్రాక్ అంచున ఉన్న తెల్ల గీత ఎక్కింది. అదే క్షణంలో యాక్సిలరేటర్ తిప్పారు. అంతే! బైక్ ఒక దిక్కు, మీరో దిక్కు.

దెబ్బలేం తగల్లేదు. డాక్టర్ చూసి పంపించారు. బైక్‌కి మాత్రం కుడివైపు ఫుట్‌రెస్ట్ వంగింది. ముందు బ్రేక్ లివర్ విరిగింది. లివర్ స్పేర్ మీ దగ్గర లేదు. పడిన ల్యాప్ లెక్కలోకి రాదు కాబట్టి పాత టైమింగ్‌తో మీకు 14వ స్థానం దక్కింది.

పక్క షెడ్‌లో బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. వయసు నలభై దాటింది. బ్యాంకులో ఉద్యోగం. ఏడాదికి నాలుగైదు వారాంతాలు ఇక్కడే గడుపుతారు. మీ క్లాస్‌లోనే, మీతోనే పోటీ. విరిగిన లివర్ చూసి తన పెట్టెలోంచి ఒకటి తీసి ఇచ్చారు.

"ఎప్పుడివ్వమంటారన్నా?" అంటే, "ఇచ్చేది తర్వాత. రేపు నా ముందుండి మాత్రం సడన్‌గా బ్రేక్ వేయకు" అని నవ్వేశారు.

రాత్రి: నోట్‌బుక్‌లో లెక్క

లాడ్జిలో కూర్చుని అందరూ చెప్పే కారణమే మీరూ చెప్పుకున్నారు. 'వాన పడింది, జారిపోయాను.' కానీ వాన పదిహేనుమంది మీదా పడింది. జారింది మీరొక్కరే. అప్పుడు నోట్‌బుక్ తీశారు.

ఇంటర్ ఫిజిక్స్ చాలు. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 27.8 మీటర్లు. రోడ్డుకీ టైరుకీ మధ్య ఘర్షణ గుణకం పొడి రోడ్డు మీద 0.9 అనుకుంటే, ఆ వేగం నుంచి ఆగడానికి దాదాపు 44 మీటర్లు కావాలి. తడిసి అది 0.5కు పడిపోతే దాదాపు 79 మీటర్లు. అంటే బ్రేక్‌ను 35 మీటర్ల ముందే పట్టుకోవాలి. పెయింట్ వేసిన గీతల మీద పట్టు ఇంకా తక్కువ.

ఇంకో సంగతి. టైరుకు ఉన్న పట్టు అంతా ఒక పర్సులోని డబ్బు లాంటిది. మలుపులో వంగడానికి కొంత, బ్రేక్‌కి కొంత, వేగం పెంచడానికి కొంత ఖర్చవుతుంది. వానలో పర్సే సగం ఖాళీ అయింది. మీరు వంగడానికీ, వేగానికీ ఒకేసారి ఖర్చు పెట్టారు. పైగా గీత మీద. జెండా చూసి కూడా.

నాలుగు లైన్లు రాసుకున్నారు. ఒకటి, తెల్ల గీతలకూ రంగు వేసిన అంచులకూ దూరం. రెండు, బ్రేక్ ముందే పట్టాలి, మెల్లగా నొక్కాలి. మూడు, ఒక గేరు ఎక్కువలో మలుపు తిరిగితే వెనక చక్రం మీద కుదుపు తగ్గుతుంది. నాలుగు, బైక్ నిటారుగా లేచాకే యాక్సిలరేటర్. పొడిలో అందరూ వెళ్లే దారిలో రబ్బరు పేరుకుని ఉంటుంది కాబట్టి వానలో కొన్నిచోట్ల ఆ దారికి పక్కనుంచి వెళ్లడమే మేలని బ్యాంకు అన్న చెప్పింది కూడా చేర్చారు.

ఆదివారం: ఆరు ల్యాప్‌లు

ఉదయం రేసు. జోరు వాన. 'వెట్ రేస్' బోర్డు చూపించారు. మీ క్లాస్‌లో అందరికీ ఒకే రకం టైర్లు కాబట్టి అక్కడ తేడా ఏం లేదు. రంగంలోకి దిగాక ముందు బైక్‌ల నుంచి లేచే నీటి తుంపరలో ఏమీ కనబడలేదు. ముందున్నవాళ్లు మొదటి మలుపులోనే ఒకరినొకరు తోసుకుంటున్నారు. మీరు కాగితం మీద రాసుకున్నదే చేశారు. ఎవరినీ వెంటాడలేదు. మూడో ల్యాప్‌కి 11వ స్థానంలో ఉన్నారు. ముగ్గురూ వాళ్లంతట వాళ్లే జారి వెనకబడ్డారు.

నాలుగో ల్యాప్‌లో పసుపు జెండా ఊపుతున్నారు. ముందు ఎవరో పడ్డారన్నమాట. పసుపు జెండా ఉన్నచోట ఓవర్‌టేక్ చేయకూడదు. మీ ముందున్న కుర్రాడు బాగా నెమ్మదించాడు. చక్కటి ఖాళీ. ఎవరూ చూడట్లేదు అనిపించింది. చెయ్యి తిరగబోయి ఆగింది. వెనకున్నవాడు మాత్రం ఆగలేదు, మీ ఇద్దరినీ దాటేశాడు. మలుపు దాటాక చూస్తే, గడ్డిలో పడి ఉన్న బైక్ బ్యాంకు అన్నది. ఒక మార్షల్ రోడ్డు అంచున వంగి దాన్ని లేపుతున్నాడు. జెండా ఎవరి ప్రాణం కోసమో అప్పుడు అర్థమైంది.

రేసు పూర్తయ్యేసరికి 12వ స్థానం. పసుపు జెండా దగ్గర దాటినవాడికి పెనాల్టీ పడటంతో 11 అయింది. కప్పు లేదు, ఫొటో లేదు. బైక్ మాత్రం ఒక ముక్కగా తిరిగొచ్చింది.

మధ్యాహ్నం రెండో రేసు ఉంది. బ్యాంకు అన్న బాగానే ఉన్నారు కానీ, ఆయన బ్రేక్ లివర్ విరిగింది. స్పేర్ మీ బైక్‌కి ఉంది. షెడ్లన్నీ తిరిగినా ఆ మోడల్‌ది ఇంకొకటి దొరకలేదు. ఆయన నోరు తెరిచి అడగలేదు. మీరు గంటలో గ్రిడ్ మీద ఉండాలి. ఈసారి మొదటి పదిమందిలో ఉంటామన్న నమ్మకం కూడా కుదిరింది.

స్పానర్ తీశారు. లివర్ విప్పి ఆయన చేతిలో పెట్టారు. రెండో రేసును పిట్ గోడ దగ్గర నిలబడి చూశారు. బాధనిపించిందా? అనిపించింది. దాచిన డబ్బులో సగం పెట్టి ఒక్క రేసే ఆడారు మరి.

సోమవారం: అదే ప్రశ్న

"మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి."

"శనివారం ట్రాక్ మీద పడ్డానండి. చినుకుల జెండా చూసి కూడా వేగం తగ్గించలేదు. బైక్ వంగి ఉండగానే, తెల్ల గీత మీద యాక్సిలరేటర్ ఇచ్చాను. రాత్రి లెక్క వేసుకుని నాలుగు మార్పులు రాసుకున్నాను. ఆదివారం 14 నుంచి 11కి వచ్చాను. అందులో ఒక స్థానం వేరేవాళ్ల పెనాల్టీ వల్ల వచ్చింది."

ఇందులో ఏముందో గమనించండి. జరిగిన తప్పు, దానిలో తన వాటా, చేసిన మార్పు, వచ్చిన ఫలితం. గొప్పలు లేవు. 'వాన పడింది' అనే సాకూ లేదు. తర్వాత ప్యానెల్ ఘర్షణ గుణకం మీద ఎన్ని ప్రశ్నలడిగినా మీ దగ్గర సరుకుంది. ఉద్యోగం వస్తుందా రాదా అన్నది మరో మాట. ఆ పది నిమిషాలూ మీరు కంఠస్థం చేసింది అప్పజెప్పరు.

ఈ అనుభవం ఎక్కడ పనికొస్తుంది?

తడి రోడ్డు మీద బండి ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడమే కొందరి ఉద్యోగం. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైక్‌లకు ఏబీఎస్ తప్పనిసరి. దాన్ని సరిచూసే ఇంజినీర్లు నీళ్లు చల్లిన, పట్టు తక్కువగా ఉండే ట్రాక్‌ల మీద గంటలకొద్దీ పరీక్షలు చేస్తారు. టైర్ కంపెనీల్లో, వాహన పరీక్షా కేంద్రాల్లో, బైక్‌ల తయారీ కంపెనీల ఆర్ అండ్ డీ విభాగాల్లో ఇలాంటి పనులుంటాయి. పుణెలోని ఏఆర్ఏఐ, ఇందౌర్ దగ్గరి నాట్రాక్స్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ ఇలాంటి పరీక్షా కేంద్రాలే.

రేసర్‌గానే బతకొచ్చా అంటారా? నిజం చెప్పాలి. క్లబ్ స్థాయిలో డబ్బు పోవడమే తప్ప రావడం అరుదు. అప్పు చేసి మాత్రం దిగొద్దు.

మొదలెట్టాలంటే..

- పోటీల్లో పాల్గొనాలంటే ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ కావాలి. ముందుగా ట్రాక్ మీద జరిగే శిక్షణలో చేరండి.
- సొంత బైక్ లేకపోతే, నిర్వాహకులే ఒకే రకం బైక్‌లు ఇచ్చే 'వన్ మేక్' రేసుల ఎంపికలు చూడండి. పడితే నష్టం ఎవరు భరించాలో ముందే అడగండి. జాతీయ పోటీల్లో అమ్మాయిలకు ప్రత్యేక క్లాస్ కూడా ఉంది.
- బైక్ నడపడం ఇష్టం లేదా? జెండాలు పట్టే మార్షళ్లు, తనిఖీ బృందం, టైమింగ్ బృందం లేకుండా ఏ రేసూ జరగదు. క్లబ్‌లను సంప్రదించి వాలంటీర్‌గా చేరొచ్చు.
- కాలేజీ తరఫున ఫార్ములా భారత్, బాహా ఎస్ఏఈ ఇండియా లాంటి విద్యార్థి పోటీలున్నాయి. బండి తయారీ, ఖర్చుల లెక్క, డిజైన్‌ను సమర్థించుకోవడం అన్నీ ఇందులో భాగమే.
- రెజ్యుమెలో 'బైక్ రేసింగ్ హాబీ' అని వదిలేయకండి. ఏ ట్రాక్, ఏ క్లాస్, ఏం మార్చారు, ఏం ఫలితం వచ్చింది.. రెండు లైన్లలో రాయండి.

ఒక్క మాట. ఇదంతా ట్రాక్ మీద. అక్కడ ఎదురొచ్చే లారీ ఉండదు, డాక్టర్ సిద్ధంగా ఉంటారు, మీ కోసం ఒకరు వానలో జెండా పట్టుకుని నిలబడతారు. మీ ఊరి బైపాస్ మీద ఆ జెండా పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈసారి ఎక్కడ పడ్డా, అది పరీక్షలో కావచ్చు, ప్రాజెక్టులో కావచ్చు, ఆ రాత్రే నోట్‌బుక్ తీయండి. వాన గురించి ఒక్క లైను చాలు. మిగతా పేజీ మీ గురించి రాయండి.