అనుబంధ పరికరం – ఆతిథేయ కంప్యూటరు: గుర్తింపు, ప్రవేశ నియంత్రణ

వ్యాససంగ్రహం:
యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు కలిపిన ఫోను అనుబంధ పరికరంగా పనిచేస్తుంది. ఆ కంప్యూటరును నమ్మాలో వద్దో అది ఎలా నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయంలో గూఢలిపి పాత్ర ఎంత, మనిషి సమ్మతి పాత్ర ఎంత అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యు.ఎస్.బి., ఆతిథేయ కంప్యూటరు, బహిరంగ కీ, సమ్మతి, ప్రవేశ నియంత్రణ.

1. ప్రవేశిక

1996లో వెలువడిన యు.ఎస్.బి. ప్రమాణంలో పెత్తనం ఆతిథేయ కంప్యూటరుదే. 'నీవెవరు?' అని అదే ప్రశ్నిస్తుంది. పరికరం తన తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను తెలుపుతుంది. ఎదురు ప్రశ్న వేసే ఏర్పాటు మూల ప్రమాణంలో లేదు. మౌస్ వంటి పరికరానికి ఇది లోపం కాదు. సందేశాలు, ఛాయాచిత్రాలు, బ్యాంకు వివరాలు నిండిన ఫోను సంగతి వేరు. విద్యుత్తు, సమాచారం ఒకే తీగలో ప్రయాణిస్తాయి గనుక, అవతలి కొసన ఉన్నది ఛార్జరో కంప్యూటరో వాడుకరికి తెలియకపోవచ్చు. ఛార్జరు రూపంలో అమర్చిన చిన్న కంప్యూటరుతో ఐఫోనులోకి హానికర అనువర్తనాన్ని చొప్పించవచ్చునని 2013లో జార్జియా టెక్ పరిశోధకులు నిరూపించారు. అదే సంవత్సరం విడుదలైన ఐ.ఓ.ఎస్. 7, కొత్త కంప్యూటరును నమ్మవచ్చునా అని వాడుకరిని అడగడం ప్రారంభించింది.

2. గుర్తింపు ప్రక్రియ

ఆండ్రాయిడ్‌లో ఫైళ్ల బదిలీకి వాడుకరి ఎంపిక చాలు. ఫోనుపై విస్తృతాధికారం ఇచ్చే డీబగ్గింగు మార్గానికి మాత్రం 2013లో వచ్చిన 4.2.2 రూపాంతరం నుండి గూఢలిపి పరీక్ష ఉంది. కంప్యూటరు ముందుగా ఒక రహస్య కీని, దానికి జతగా బహిరంగ కీని తయారుచేసుకొంటుంది. ఫోను 20 బైట్ల యాదృచ్ఛిక సంకేతాన్ని పంపుతుంది. కంప్యూటరు రహస్య కీతో దానిపై సంతకం చేస్తుంది. ఫోను తన వద్ద భద్రపరచిన బహిరంగ కీలతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. ప్రతిసారీ సంకేతం మారుతుంది కనుక పాత సంతకాన్ని దొంగిలించినా ప్రయోజనం ఉండదు. ఏ కీతోనూ సరిపోకపోతే కంప్యూటరు తన బహిరంగ కీని పంపుతుంది. ఫోను దాని ముద్రను తెరపై చూపి వాడుకరి అనుమతి కోరుతుంది. 'ఎల్లప్పుడూ అనుమతించు' అన్నదాన్ని ఎంచుకొంటే ఆ కీ భద్రమవుతుంది.

3. పరిమితులు

ఈ పరీక్ష రుజువు చేసేది ఒక్కటే: ఇది మునుపు అనుమతించిన కీ గల కంప్యూటరు. అది మంచిదని గూఢలిపి చెప్పదు; ఒకనాటి మనిషి సమ్మతిని అది గుర్తుపెట్టుకొంటుంది, అంతే. అందుకే ఆ జ్ఞాపకానికి గడువు అవసరమైంది. 7 రోజులు తిరిగి కలవని కంప్యూటరు అనుమతిని ఆండ్రాయిడ్ 11 సహజంగానే రద్దు చేస్తుంది. 2018లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 11.4.1, తాళం పడి గంట దాటిన ఫోనులో యు.ఎస్.బి. సమాచార మార్గాన్ని మూసివేస్తుంది.

సమ్మతినే నకలు చేస్తే? హానికర ఛార్జరు తానే కీబోర్డుగా నటించి అనుమతి మీటను నొక్కగలదని 2025లో గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. సమ్మతి తెలిపే మార్గం ఆతిథేయ కంప్యూటరుకు అందనిదై ఉండాలన్నది ఇందులోని పాఠం. సంకేతపదం లేదా వేలిముద్ర కోరడం ఆ దిశలో పరిష్కారం.

4. ముగింపు

డీబగ్గింగు కీ కంప్యూటరులోని వాడుకరి ఖాతాలో ఉంటుంది. ఎదుట కూర్చున్న మనిషికి చెందదు. కళాశాల ప్రయోగశాలలో ఒకే ఖాతాను పలువురు వాడుతున్నప్పుడు, ఒకరికిచ్చిన శాశ్వతానుమతి అందరికీ ఇచ్చినట్లే. కాబట్టి అక్కడ ఒక్కసారికే అనుమతించడం, పని ముగిశాక డెవలపర్ ఎంపికలలో పాత అనుమతులను రద్దు చేయడం అవసరం.