నల్లమాడ సీమలో కఱవునకు నిలువగల సేద్యము: రైతు తన గ్రామమును పరీక్షించుకొను విధము



భూమి గలవాడు కఱవునకు వెఱవ నక్కఱలేదని కొందఱి తలంపు. అనుభవము దానికి విరుద్ధముగా నున్నది. 1876-78 సంవత్సరముల ధాత కఱవునందు రాయలసీమలో భూమిలేని కూలివాండ్రే గాక, పొలముగల రైతులును పశువులను గోల్పోయి సహాయపు పనులలో చేరవలసి వచ్చెను. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఏర్పఱచిన కూలి, పురుషునకు దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయు మాత్రమే. అప్పటికే ఈ సీమకు రైలుమార్గము వచ్చి యుండెను. బయటి ధాన్యమును వచ్చెను. కాని హెచ్చిన ధరకు గొను శక్తి పల్లెలకు లేకపోయెను. కావున "వాన లేని యేడు నా కుటుంబము, నా పశువులు ఎన్ని దినములు నిలువగలవు?" అను ప్రశ్నను మంచి సంవత్సరమునందే వేసికొనవలెను. శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ ప్రాంతమునకు ఆ లెక్క కట్టు విధమును దిగువ దెలుపుచున్నాము.

1. వర్షము

పూర్వపు అనంతపురము జిల్లాలో సగటు వర్షము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందు నైరృతి ఋతుపవనముచే సుమారు 340, ఈశాన్య ఋతుపవనముచే సుమారు 155 మిల్లీమీటర్లు కురియును. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమున గురిసి ఇచ్చటికి సన్నగిల్లి వచ్చును. మొత్తము వర్షముకంటె నడుమ కలుగు ఎడబాటే పంటను చెఱచునది. పైరు మొలచిన పిమ్మట మూడు నాలుగు వారములు చినుకు లేకుండుట ఇచ్చట వింత గాదు. కావున సగటును నమ్మి సేద్యము చేయరాదు. ఐదేండ్లలో రెండు చెడునని యెంచి లెక్క కట్టుటయే క్షేమము.

2. నేల

ఇచ్చటి నేల చాలవఱకు ఎఱ్ఱనేల. లోతు తక్కువ, అడుగున నల్లరాయి. వేసవిలో పొలమున నాలుగైదు చోట్ల గుంట త్రవ్వి చూడవలెను. జానెడు లోతుననే రాయి గాని గరుసు గాని తగిలినచో ఆ చెక్కను పశువుల మేతకును, సీతాఫలము, రేగు, వేప, కానుగ మొదలగు చెట్లకును విడువవలెను. మూరెడు లోతున్నచోట కొఱ్ఱ, వేరుసెనగ పండును. అంతకు మించినచోట కంది బాగుగా వేరు పాఱును. ఎట్టి నేలయైనను వాలునకు అడ్డముగా దున్ని గట్లు వేయనిచో, ఒక్క పెద్దవానకు పైమన్ను వంకపాలగును.

3. నీరు

ఒక ఎకరముపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో సుమారు 40,000 లీటర్ల నీరు పడినట్లు. ఇక అవసరము చూడుడు. ఐదుగురు గల యింటికి మనిషికి 40 లీటర్ల చొప్పున 200, రెండు పశువులకు 80, వెరసి దినమునకు 280 లీటర్లు. వేసవి నాలుగు నెలలకు 33,600 లీటర్లు. 50 చదరపు మీటర్ల మిద్దెపై పడు సాలుసరి వర్షములో ఐదింట నాలుగు పాళ్లు పట్టి నిలువచేసినను 22,000 లీటర్లు దొరకును. తక్కిన దానికి ఊరి బావియో, కుంటయో ఆధారము కావలెను.

బోరుబావిని ఆధారముగా నెంచుటకు ముందు ఆలోచింపవలెను. గ్రానైటు రాతిలో నీరు పగుళ్లయందు మాత్రమే యుండును. ఆ నీరు పూర్వపు వానలు దాచినదే. ఒకరు లోతుగా త్రవ్వినచో పొరుగువాని బావి యెండును. అప్పు దెచ్చి ఒకటి వెంట నొకటి బోరులు వేయించి భూమినే పోగొట్టుకొనినవారు ఈ సీమలో పెక్కండ్రు. హంద్రీ-నీవా కాలువ నీరు శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోతలచే రావలెను గాన, కృష్ణకు నీరు తక్కువైన యేడు అదియు సందేహమే. ఊరి చెఱువు పూడిక తీసి, కట్ట, తూము, అలుగు బాగుచేయుటయే అందఱకు చౌక. చిత్రావతిపై నున్న బుక్కపట్టణపు చెఱువు విజయనగర రాజుల కాలమునుండి యీ పాఠమునే చెప్పుచున్నది.

4. ధాన్యము

మనిషికి దినమునకు 400 గ్రాముల చొప్పున ఐదుగురకు సాలుకు 730 కిలోల బియ్యము గావలెను. కొఱ్ఱలు దంచగా పొట్టు పోవును గనుక సుమారు 11 క్వింటాళ్ల కొఱ్ఱలు పండవలెను. ఎకరమునకు 4 క్వింటాళ్ల లెక్కన దాదాపు మూడెకరములు చాలును. నాలుగవ ఎకరము పంటను ఏటేట దాచినచో మంచి వానలుగల మూడేండ్లలో మఱొక సంవత్సరపు గ్రాసము సమకూరును. పొట్టు తీయని కొఱ్ఱ, సామలు బాగుగా ఎండబెట్టి గాదెలలో దాచినచో ఏండ్ల తరబడి చెడవు. దాచదగినదానిని దాచుటకే ఈ లెక్క.

వాన ఆలస్యమైనచో చేతులు ముడుచుకొనరాదు. జులైలో వేరుసెనగ విత్తు పదును తప్పినచో తక్కువ దినముల కొఱ్ఱ వేయవచ్చును. మఖ, పుబ్బ కార్తెలకు గాని పదును గలుగనిచో ఉలవలు చల్లవలెను. అవి మనుష్యులకు పప్పు, పశువులకు మేత.

5. మేత

ఒక్కొక్క పశువునకు దినమునకు 6 కిలోల ఎండుమేత చొప్పున రెంటికి సాలుకు 4,380 కిలోలు. చొప్ప, కొఱ్ఱగడ్డి, వేరుసెనగ కట్టె వామిలో నొక సంవత్సరమునకు సరిపడ నిలిచిన పిమ్మటనే మిగిలినది అమ్మవలెను. కఱవున మొదట పోవునవి పశువులు. అవి పోయినచో మరుసటి యేడు వాన కురిసినను ఎరువు, పాడి యుండవు.

6. ఒకే పంట వలన హాని

వేరుసెనగ రొక్కమిచ్చును. కాని పొలమంతయు అదియే యైనచో ఒక్క దెబ్బకు సర్వము పోవును. 2000 ఖరీఫునందు అనంతపురము జిల్లాలో కాండము కుళ్లు వైరసు తెగులు సుమారు 2,25,000 హెక్టారులకు వ్యాపించెను. దీనిని వయ్యారిభామ పుప్పొడి మోయును, తామరపురుగులు పైరున కంటించును. కావున ఆ కలుపును పూయకమునుపే పెఱికివేయవలెను. చేనిచుట్టు జొన్న గాని సజ్జ గాని కొన్ని సాళ్లు దట్టముగా విత్తవలెను. నడుమ కంది సాళ్లు వేయవలెను.

నిర్ణయము

నల్లమాడ సీమ స్వయంపోషణకు దగునా యనగా: చిఱుధాన్యములు, పప్పు, నూనె, మేత, గొఱ్ఱెలు, మేకలు వీనికి దగును. మెట్టపై వరికిని, చెఱకునకును, బోరును నమ్మిన తోటలకును దగదు. ఉప్పు, ఇనుము, మందులు ఎట్లును కదిరి సంతనుండి రావలసినవే. వానికి వేరుసెనగ రొక్కము చాలును.

పంట యింటికి వచ్చిన వెంటనే ప్రతి రైతును గాదెలోని గింజలు, వామిలోని మేత, బావిలోని నీరు ఎన్ని నెలలకు వచ్చునో లెక్కించి వ్రాసి యుంచుకొనవలెను. పండ్రెండు నెలలకు తక్కువైనచో ఆ యేడు దేనినైనను అమ్ముటకు ముందు ఆ కొఱతను దీర్చుకొనవలెను. వామి యింకను నిండుగా నున్నప్పుడు చేయు లెక్కయే ఉపకరించును.