ఆల్-టెర్రైన్ టైరు: గాలిచక్రం నుంచి భారీ పికప్ దాకా

ఆల్-టెర్రైన్ టైరు అంటే తారురోడ్డు, కంకరబాట, మట్టిదారి, ఇసుక, మంచు, అన్నిటి మీదా చక్రాలు మార్చే పని లేకుండా బండిని నడిపించేందుకు తయారైన టైరు. హైవే మీద దీనికన్నా హైవే టైరు నిశ్శబ్దంగా, తక్కువ ఇంధనంతో నడుస్తుంది. లోతైన బురదలో దీనికన్నా మడ్-టెర్రైన్ టైరుకు బాగా పట్టు దొరుకుతుంది. ఏ నేల మీదా బండి ఆగిపోకుండా చూడటమే ఆల్-టెర్రైన్ టైరు పని. అందుకే దీని నిర్మాణంలో ఒక గుణం పెంచితే మరొకటి తగ్గుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం బాగా తెలిసొచ్చేది ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500హెచ్‌డీ వంటి అమెరికన్ భారీ పికప్ ట్రక్కుల దగ్గర. పశువుల క్షేత్రాలకు, చమురు బావులకు, నిర్మాణ స్థలాలకు తిరిగే ఈ బండ్లు వెనక తొట్టిలో టన్నుకు పైగా సరుకు వేసుకుని, వెనక నాలుగైదు టన్నుల ట్రైలరు తగిలించుకుని వెళ్తాయి. ఉదయం హైవే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిచిన బండి, మధ్యాహ్నానికి పదునైన రాళ్లున్న దారిలోకి దిగుతుంది. బరువు, వేడి, కోత, మూడింటినీ ఒకే టైరు తట్టుకోవాలి. ఆ శక్తి టైరుకు ఒక్కసారిగా రాలేదు.

గాలి నింపిన చక్రం

పచ్చి రబ్బరు ఎండకు జిగురు కారుతుంది, చలికి పెళుసవుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఈ రెండు దోషాలూ పోతాయని అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నారు. గంధకం రబ్బరు అణుగొలుసుల మధ్య అడ్డకట్లు వేస్తుంది. అందువల్ల రబ్బరు సాగినా తిరిగి మొదటి రూపానికి వస్తుంది. 1845లో స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నారు. లోపల రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, పైన తోలు తొడుగు. గుర్రపు బండికి వేసి చూస్తే అది తేలిగ్గా, చప్పుడు లేకుండా నడిచింది. కానీ అప్పటికి సైకిళ్లు గానీ మోటారు బండ్లు గానీ లేవు. కొనేవారు లేక ఆ చక్రం మరుగున పడింది.

1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం మళ్లీ గాలి టైరు తయారుచేశారు. థామ్సన్ పేటెంటు ముందే ఉందని తేలడంతో డన్‌లప్ పేటెంటు నిలవలేదు, అయినా ఆయన టైరు సైకిళ్లతో పాటు లోకమంతా వ్యాపించింది. 1891లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరులు రిమ్ము నుంచి ఊడదీసి బిగించగల టైరు తెచ్చారు. 1895లో పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్లు వేసిన కారును నడిపారు. దారిపొడవునా పంక్చర్లు పడ్డా, గాలి కారును మోయగలదని రుజువైంది.

టైరు మీద పడే బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది గాలి పీడనమే. రబ్బరు, నూలు, ఉక్కు ఆ గాలిని పట్టి ఉంచుతాయి. లెక్క సులువు: పీడనాన్ని నేలకు తాకే వైశాల్యంతో గుణిస్తే మోసే బరువు వస్తుంది. 80 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 5.6 కిలోలు. ఆ పీడనంలో 1,650 కిలోలు మోసే టైరు నేలను తాకేది దాదాపు 295 చదరపు సెంటీమీటర్ల మేర, అంటే ఇంచుమించు వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటు. పక్కగోడల బిగువు కూడా కొంత మోస్తుంది కనుక అసలు కొలత కాస్త అటూఇటూ అవుతుంది.

నలుపు, నూలు, గాడులు

తొలి టైర్లు జింక్ ఆక్సైడ్ కలిసిన లేత రంగువి, త్వరగా అరిగిపోయేవి. మసి పొడి, అంటే కార్బన్ బ్లాక్, కలిపితే రబ్బరు గట్టిపడుతుందని 1904లో లండన్ సమీపంలోని సిల్వర్‌టౌన్ కర్మాగారంలో గుర్తించారు. తరువాతి దశాబ్దంలో అమెరికన్ కంపెనీలు ఆ పద్ధతిని అందుకున్నాయి. టైరు నల్లబడింది, దాని ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది.

రెండో సమస్య లోపలి గుడ్డ. నేసిన గుడ్డలో నిలువు పోగులు, అడ్డ పోగులు ఒకదానినొకటి ఒరుసుకుని వేడెక్కి తెగిపోయేవి. ఒక్కో పొరలో పోగులన్నీ ఒకే దిశలో ఉంచి, పొరకూ పొరకూ మధ్య రబ్బరు పరిచి, పక్కపక్క పొరలను ఏటవాలుగా ఎదురెదురు దిశల్లో పేర్చడంతో ఈ ఒరిపిడి తగ్గింది. నూలు పొరలు ఎన్ని ఉంటే టైరు అంత బలమైనదని లెక్కగట్టేవారు. ఇప్పుడు నూలు స్థానంలో పాలియెస్టర్, నైలాన్, ఉక్కు ఉన్నా ఆ పాత లెక్క పోలేదు. నేటి ‘10 ప్లై రేటింగ్’ టైరులో పది పొరలు ఉండవు. పది నూలు పొరలకు సమానమైన బలం ఉందని మాత్రమే దాని అర్థం.

మొదట్లో నేలను తాకే టైరు ఉపరితలం, అంటే ట్రెడ్, నున్నగా ఉండేది. 1908లో ఫైర్‌స్టోన్ కంపెనీ జారకుండా ఉండే ట్రెడ్‌ను తెచ్చింది. దాని మీద పోతపోసిన ఉబ్బెత్తు అక్షరాలే గాడులకు అంచులుగా పనిచేశాయి. 1932లో ట్రాక్టర్లకు ఇనుప చక్రాల బదులు తక్కువ పీడనం ఉన్న గాలి టైర్లు వచ్చాయి. మెత్తని నేలలో పట్టు కావాలంటే వెడల్పుగా పరుచుకునే టైరు, లోతైన గట్లు, తక్కువ గాలి కావాలని పొలం నేర్పింది.

యుద్ధం నుంచి ఎడారి పందెం దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో జీపులకు, సైనిక ట్రక్కులకు ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ఒకే పట్టునిచ్చే దిమ్మల టైర్లు వేశారు. మలయా, డచ్ ఈస్టిండీస్ ద్వీపాలు 1942లో జపాన్ చేతికి చిక్కడంతో అమెరికాకు సహజ రబ్బరు సరఫరా సుమారు 90 శాతం ఆగిపోయింది. కృత్రిమ రబ్బరు పరిశ్రమ హుటాహుటిన పుట్టుకొచ్చింది. అయితే సాగినప్పుడు తక్కువ వేడెక్కడం, చిరుగును అడ్డుకోవడం సహజ రబ్బరు గుణాలు. అందుకే బరువు మోసే టైర్లలో నేటికీ దానికి పెద్ద పీటే. యుద్ధం ముగిశాక 1946లో డాడ్జ్ కంపెనీ సైనిక ట్రక్కు ఆధారంగా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పవర్ వాగన్ పికప్‌ను పౌరులకు అమ్మింది. భారీ పికప్ చరిత్ర అక్కడి నుంచే ఊపందుకుంది.

అదే 1946లో మిషెలిన్ రేడియల్ టైరుకు పేటెంటు కోరింది. 1949లో ఆ టైరు బజారుకు వచ్చింది. పాత టైరులో ఏటవాలు పొరలు ట్రెడ్‌ను, పక్కగోడను ఒకటిగా బిగించేవి. పక్కగోడ వంగితే ట్రెడ్ కూడా మెలిపడి, ఒరుసుకుని, వేడెక్కేది. రేడియల్‌లో పోగులు ఒక అంచు నుంచి మరో అంచుకు నిటారుగా సాగుతాయి. ట్రెడ్ కింద ఉక్కు బెల్టులు దాన్ని నేల మీద చదునుగా నిలుపుతాయి, పక్కగోడ విడిగా వంగుతుంది. అరుగుదల, వేడి, ఇంధనం ఖర్చు తగ్గాయి. నష్టం కూడా ఉంది: సన్నబడిన పక్కగోడకు రాళ్ల కోత ముప్పు పెరిగింది.

మెక్సికోలోని బాహా ద్వీపకల్పం ఎడారిలో 1967లో మొదలైన సుదూర పందెం ఇలాంటి టైర్లకు పరీక్షాస్థలమైంది. 1976లో బీఎఫ్‌గుడ్‌రిచ్ కంపెనీ తేలికపాటి ట్రక్కుల కోసం రేడియల్ ఆల్-టెర్రైన్ టైరు తెచ్చింది. నేటి ఆల్-టెర్రైన్ టైర్లకు అదే మూలరూపం. పక్కగోడలో మూడో పొర చేర్చడం, భుజాల దగ్గర రబ్బరు మందం పెంచడం, చెక్కులు లేవకుండా మిశ్రమాన్ని గట్టిపరచడం ఆ తరువాతి మెరుగులు. 1990లో బీఎఫ్‌గుడ్‌రిచ్ బ్రాండు మిషెలిన్ చేతికి వచ్చింది.

పక్కగోడ మీది రాత

భారీ పికప్‌ల మీద తరచు కనిపించే ఒక కొలత ‘ఎల్‌టీ 275/70 ఆర్18, 125/122 ఎస్, లోడ్ రేంజ్ ఇ’. ‘ఎల్‌టీ’ తేలికపాటి ట్రక్కు టైరు అనడానికి గుర్తు. 275 వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అనేది వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, ‘ఆర్’ రేడియల్, 18 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ‘లోడ్ రేంజ్ ఇ’ అంటే 10 ప్లై రేటింగ్. ఇలాంటి టైరు నిర్దేశిత బరువును 80 పీఎస్ఐ దగ్గర మోస్తుంది. 125 అనేది లోడ్ సూచిక, అంటే ఒక్కో టైరుకు 1,650 కిలోలు. వెనక జంట చక్రాలు వేసినప్పుడు ఒక్కో టైరుకు 122, అంటే 1,500 కిలోలే లెక్క. పక్కపక్కనున్న రెండు టైర్ల మీద బరువు సమానంగా పడదు, వేడి కూడా సులువుగా పోదు. చివరి ‘ఎస్’ గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితి. ‘ఆర్’ 170, ‘క్యూ’ 160.

ఎంపికలో మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. అదే 275/70 ఆర్18 కొలతలో ఎస్‌యూవీల కోసం 116 సూచికతో టైర్లు దొరుకుతాయి. 116 అంటే 1,250 కిలోలు. అలాంటి ప్యాసింజర్ తరగతి టైరును ట్రక్కుకు వేస్తే ఆ బరువును 1.1తో భాగించాలన్నది అమెరికన్ నియమం. మిగిలేది సుమారు 1,136 కిలోలు, రెండు టైర్లకు 2,272. వెనక ఇరుసు మీద 3,000 కిలోలు పడే ట్రక్కుకు అది చాలదు. లోడ్ రేంజ్ ఇ టైర్లు రెండూ కలిసి 3,300 కిలోలు మోస్తాయి. చూపుకు రెండూ ఒకటే, రిమ్ముకు రెండూ సరిపోతాయి. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన పట్టీలో ఇరుసు బరువు, అసలు టైరు కొలత, గాలి పీడనం ఉంటాయి. కొత్త టైరు సామర్థ్యం దానికి తగ్గకూడదు.

‘డీఓటీ’ అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3523 అంటే 2023వ సంవత్సరం 35వ వారం. 2000 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. దుకాణంలో ఏళ్ల తరబడి నిలవున్న టైరును దీనితో పసిగట్టవచ్చు.

ట్రెడ్: దిమ్మలు, ఖాళీలు

ట్రెడ్‌లో రబ్బరు దిమ్మలు, వాటి మధ్య ఖాళీలు ఉంటాయి. ఖాళీ ఎక్కువైతే బురద, కంకర విదిలించుకుపోతాయి. కానీ తారురోడ్డును తాకే రబ్బరు తగ్గి, అరుగుదల, చప్పుడు పెరుగుతాయి. హైవే టైరు, మడ్-టెర్రైన్ టైరు ఈ నిష్పత్తికి రెండు చివరలు. ఆల్-టెర్రైన్ నడుమ ఉంటుంది. దిమ్మలన్నీ ఒకే పొడవున ఉంటే రోడ్డు మీద ఒకే స్వరంలో మోత పుడుతుంది. అందుకే వేర్వేరు పొడవుల దిమ్మలను కలిపి పేరుస్తారు, చప్పుడు పలు స్వరాల్లోకి విడిపోయి చెవికి తక్కువ అనిపిస్తుంది. గాడుల అడుగున చిన్న బొడిపెలు ఇరుక్కున్న రాళ్లను బయటికి నెడతాయి. దిమ్మల మీది సన్నని కోతలు తడి రోడ్డు మీద, మంచు మీద అదనపు అంచులుగా పనిచేస్తాయి. ఆ కోతలు మరీ ఎక్కువైతే బరువు కింద దిమ్మలు ఊగి, రాళ్ల మీద చెక్కులు లేస్తాయి.

మంచు విషయంలో రెండు గుర్తులున్నాయి. ‘ఎం ప్లస్ ఎస్’ ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసే గుర్తు. మూడు శిఖరాల కొండలో మంచురేకు ఉన్న గుర్తు 1999లో వచ్చింది. దానికి గట్టిపడిన మంచు మీద పట్టు పరీక్ష నెగ్గాలి. మంచు కురిసే ప్రాంతంలో రెండో గుర్తునే నమ్మాలి. అయితే ఆ పరీక్ష ముఖ్యంగా బండి ముందుకు కదిలే పట్టుకు సంబంధించినది. గడ్డకట్టిన నీటి మీద ఆగడానికి అది హామీ కాదు.

గాలి, పరిమాణం, సంరక్షణ

పెద్ద టైరు వేయాలన్న ఆశ సహజం. ఎల్‌టీ 275/70 ఆర్18 టైరు వ్యాసం సుమారు 842 మిల్లీమీటర్లు. ఎల్‌టీ 285/75 ఆర్18 అయితే 885, అంటే 5 శాతం ఎక్కువ. బండి కంప్యూటరులో టైరు కొలత సరిచేయకపోతే స్పీడోమీటరు 100 చూపేటప్పుడు బండి 105లో ఉంటుంది. చక్రం పెద్దదైన కొద్దీ ట్రైలరు లాగే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. బ్రేకుల మీద భారం పెరుగుతుంది. చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకు ఒరుసుకునే అవకాశమూ ఉంది.

గాలి బరువును బట్టి మారాలి. ఖాళీ బండిలో వెనక టైరు మీద 1,000 కిలోలే ఉంటే 80 పీఎస్ఐ దగ్గర నేలకు తాకేది సుమారు 180 చదరపు సెంటీమీటర్లు; 30 పీఎస్ఐ దగ్గర 475. ఇసుకలో గాలి తగ్గించడం వెనక ఉన్న సూత్రం ఇదే. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది, పక్కగోడ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. కనుక అలాంటప్పుడు వేగం, బరువు తగ్గించాలి, తారురోడ్డు ఎక్కేముందు తిరిగి గాలి నింపాలి. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి గాలి తగ్గితే హెచ్చరించే పరికరం తప్పనిసరి. కానీ ఆ నియమం మొత్తం బరువు 10,000 పౌండ్లు మించని బండ్లకే. అంతకన్నా పెద్ద పికప్‌ల యజమానులు మీటరు పెట్టి చూసుకోవడమే మంచిది. 8 నుంచి 12 వేల కిలోమీటర్లకు ఒకసారి టైర్లను ముందు వెనకలకు మారిస్తే దిమ్మలు సమంగా అరుగుతాయి.

భారతదేశంలో అమ్ముడయ్యే పికప్‌లు వీటికన్నా చిన్నవి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అలాంటిదే. దానికి టైరు ఎంచుకునేవారికీ పద్ధతి ఇదే. ముందు ఇరుసు బరువు, దానికి తగిన లోడ్ సూచిక చూడాలి. తరువాత రిమ్ము, వ్యాసం. ఆపైన ఏడాదిలో బండి ఎక్కువగా తిరిగే నేలను బట్టి ట్రెడ్. చివరగా తయారీ తేదీ, ధర. వారమంతా తారురోడ్డు మీద తిరిగి, ఏడాదికి రెండుసార్లు మట్టిదారి ఎక్కే బండికి హైవే టైరే మేలు. ఏ టైరు వేసినా నెలకోసారి, అది చల్లగా ఉన్నప్పుడు, గాలి చూసుకోవాలి. సరైన గాలి లేని టైరు తన మీద రాసి ఉన్న బరువును మోయలేదు.