తళతళల వెనక...

పొద్దున్నే హైటెక్ సిటీలోని ఏ ఆఫీసులో అడుగుపెట్టినా నేల అద్దంలా మెరుస్తుంటుంది. వాష్‌రూమ్‌లో నిమ్మ వాసన గుప్పుమంటుంది. ఇదంతా ఎవరి చలవ? మనకన్నా ముందే వచ్చి, బకెట్టూ మాపూ పట్టుకున్న హౌస్‌కీపింగ్ సిబ్బందిది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు, ఇక్కడ కంప్యూటర్ కొలువులతో పాటే పెరిగిన కొలువిది.

తడినేల మీద కాలు జారుతుందని అందరికీ తెలుసు. అందుకే పసుపు బోర్డు పెడతారు. బోర్డుకు అందని ప్రమాదం మరొకటుంది... గాలి!

మొండి మరక వదలడంలేదని కొందరు యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ కూడా చల్లుతారు. మరక సంగతేమో కానీ, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. కిటికీలేని చిన్నగదిలో కొద్దిగా వెలువడినా కళ్లు మండుతాయి, దగ్గు ముంచుకొస్తుంది, ఊపిరాడదు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌ను బ్లీచ్‌తో కలిపినా ముప్పే.

జాగ్రత్తలకు పెద్దగా ఖర్చేం కాదు. ఏ రెండు మందులూ కలపకూడదు. వాటిని పాత నీళ్ల సీసాల్లో పోయకూడదు, ప్రతి సీసా మీదా పేరుండాలి. యాసిడ్‌ను పలుచన చేయాలంటే నీళ్లలో యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లో నీళ్లు కాదు. గ్లౌజులు వేసుకోవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుండాలి. ఘాటు తగిలిందా... పని ఆపి బయటికి వచ్చేయాలి.

అదే గాలి భూమిలోపలైతే క్షణాల్లో ప్రాణం తీస్తుంది. 2016 ఆగస్టులో ఈ టవర్లకు కూతవేటు దూరంలోని మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్ నలుగురిని బలితీసుకుంది. లోపల పడిపోయిన మనిషిని కాపాడదామని ఏ రక్షణా లేకుండా దిగితే, దిగినవాళ్లకూ అదే గతి. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మురుగుకాల్వల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనుషుల్ని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఎంతిచ్చినా పోయిన మనిషి తిరిగిరాడుగా!

రేపు ఆఫీసులో పసుపు బోర్డు కనిపిస్తే దాటి వెళ్లకండి, ఓ నిమిషం ఆగండి. ఉత్తచేతులతో యాసిడ్ సీసా పట్టుకున్న అమ్మ కనిపిస్తే... 'గ్లౌజులు ఇవ్వలేదా?' అని ఆమెను కాదు, ఆమె సూపర్‌వైజర్‌ను అడగండి.