బురద నిలవని ఫుట్‌బోర్డు

మంచు మీద పరుగెత్తే బండికీ, మా ఊరి దమ్ము మడిలో దిగబడే ట్రాక్టరుకీ ఏమిటి సంబంధం అని మిత్రులు నవ్వవచ్చు. నేనూ మొదట నవ్వినవాణ్ణే.

మా పెదమావయ్య సైన్యంలో ఉండగా కొంతకాలం సియాచిన్‌లో పనిచేశాడు. అక్కడి స్నో స్కూటరు గురించి ఆయన చెబుతుంటే చిన్నప్పుడు కథలా వినేవాణ్ణి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, నడిపేవాడి కాళ్ళకింద అటూ ఇటూ పొడవాటి పలకలు. వాటినే రన్నింగ్ బోర్డులంటారు. ఆ పలకల నిండా పెద్ద పెద్ద కంతలుంటాయట. ఎందుకు మావయ్యా అంటే, "బూటుకంటుకున్న మంచు కిందకి రాలిపోడానికిరా. నేదంటే ఇంజను వేడికి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గాజు పలకయిపోద్ది. కాలెట్టీసరికి జర్రున జారిపోద్ది" అన్నాడు. ఆ మాట ఎక్కడో మనసులో పడి ఉండిపోయింది.

మా ఊరు రాజాం, సంతకవిటి మధ్య ఉంది. నేను పుట్టినప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. పొలం మాత్రం కదల్లేదు. మడ్డువలస కాలువ నీరు అందే పల్లపు మళ్ళు, జిగట బంకమన్ను. ఉభాల రోజుల్లో మా సెకండ్‌హ్యాండు ట్రాక్టరుకు ఇనప చక్రాలు తగిలించి బాబాయి దమ్ము పడతాడు. మూడేళ్ళ కిందట శ్రావణంలో చక్రానికి చుట్టుకున్న తుంగ తీద్దామని ఇంజను ఆపకుండానే దిగబోయాడు. ఫుట్‌బోర్డు అరిగి అరిగి నున్నబడింది. దానిమీద వేలెడు మందాన బురద. కాలు జారి, పాదం చక్రానికీ గట్టుకీ మధ్య పడింది. ట్రాక్టరు న్యూట్రల్‌లో ఉంది గనుక మడమ ఎముక విరగడంతో పోయింది. రెండు నెలలు కట్టుతో మంచం మీదున్నాడు. ఆ ఏడు మా ఉభాలు కూలి ట్రాక్టరుతో ఆలస్యంగా పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చాయి మావయ్య చెప్పిన కంతలు.

ఆ బండి చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. కెనడాలో క్విబెక్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు 1934లో మంచు తుఫాను వేళ జబ్బుపడిన కొడుకును ఆస్పత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన అంతకుముందు నుంచే తంటాలు పడుతున్నాడు. 1937లో పట్టా చక్రాలకు పేటెంటు వచ్చింది. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో అమ్మకానికి వచ్చింది.

ఇక నా ప్రయత్నాలు. మొదట పాత పలక మీద ఒక చెక్క బిగించాను. రెండు రోజులకే అది నాని, పాచిపట్టి, ఇనుము కంటే ఎక్కువ జారింది. తరువాత రాజాంలో ఒక వెల్డింగు షాపులో 5 మి.మీ. పలకకు 12 మి.మీ. కంతలు వరసగా పెట్టించాను. బాబాయి మంచం మీంచే చూసి, "ఏటిరా, మంచి పలక్కి కంతలెట్టించినావు? మతిగాని పోనాదేటి?" అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. ఒక్క పూటలో కంతలన్నీ బంకమన్నుతో పూడిపోయి, పలక మళ్ళీ నున్నగా తయారైంది.

ఎందుకు పూడాయి? ఇది నన్ను వారం రోజులు వేధించింది. చివరికి సమాధానం హైస్కూలు లెక్కల్లోనే దొరికింది. కంతలోని బురదను కిందికి తోసేది పైనుంచి పాదం నొక్కుడు. అది కంత వైశాల్యాన్నిబట్టి, అంటే వ్యాసం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. బురదను పట్టి ఉంచేది కంత గోడ. గోడ చుట్టుకొలత వ్యాసాన్నిబట్టి మాత్రమే పెరుగుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే తోసే బలం నాలుగింతలు, పట్టే బలం రెండింతలే. కనుక ఎక్కువ కంతలు కాదు, పెద్ద కంతలు కావాలి. పలక ఎంత పలచనైతే గోడ అంత తక్కువ, అదీ మంచిదే. పొడిమంచు మన బంకమన్నులా గోడకు పట్టుకోదు గనుక వాళ్ళ లెక్క వేరు, మన లెక్క వేరు.

ఇంకో తేడా కూడా ఉంది. దీన్ని నేను మరిచిపోయి చీవాట్లు తిన్నాను. స్నో స్కూటరు మీద కంతల అంచులు పళ్ళలాగా పైకి లేచి ఉంటాయి, బూటును పట్టుకోడానికి. మన రైతు మడిలో దిగేది ఒట్టి కాళ్ళతో. అంచులు లేపించి చూపిస్తే మా అమ్మ అరికాలు పెట్టి చూసి, "ఇది ఫుట్‌బోర్డా, కత్తిపీటా?" అంది.

అందుకని పలకే మానేశాను. స్లాబుల్లో వేసే 12 మి.మీ. గళ్ళ చువ్వలు ఎనిమిది, ఒక్కొక్కటి 30 సెం.మీ. పొడవు. చువ్వకూ చువ్వకూ మధ్య 20 మి.మీ. సందు. చువ్వ గుండ్రం గనుక కాలు కోసుకోదు, దాని మీది గళ్ళు జారనివ్వవు. సందు పొడవునా తెరిచే ఉంటుంది గనుక బురద తొక్కగానే తీగల్లా కిందికి దిగిపోతుంది. చువ్వల బరువు మొత్తం రెండు కిలోల పైచిలుకు. చువ్వలు ట్రాక్టరు పొడవునే ఉండాలి, అడ్డంగా కాదు. ట్రాక్టరు వైపు ముఖం పెట్టి దిగేటప్పుడు కాలు జారేది బయటి వైపుకి. చువ్వ దానికి అడ్డు తగలాలి.

ఈ జల్లెడను మోసేవి రెండు 40×40×6 మి.మీ. యాంగిల్ ముక్కలు, 25 సెం.మీ. బయటికి. మనిషి బరువు 65 కిలోలనుకున్నా, దభాలున దిగితే మూడింతలు పడుతుంది. 200 కిలోలని లెక్కేశాను. యాంగిల్‌కు వంద కిలోలు, అదీ కొసన పడినా, ఇనుములో ఒత్తిడి చదరపు సెం.మీ.కు సుమారు 1,100 కిలోలు. మామూలు ఇనుము వంగడం మొదలయ్యేది 2,500 ప్రాంతంలో. చాలు. యాంగిల్‌ను ట్రాక్టరు బాడీకి వెల్డింగు చేయకుండా, ఉన్న కంతలకే 12 మి.మీ. బోల్టులతో స్ప్రింగు వాషర్లు వేసి బిగించాం. ఇంజను అదురుకు మొదటి వారం రోజూ నట్లు చూసుకోవాలి. బండి మీదే వెల్డింగు తప్పనిసరి అయితే ముందు బ్యాటరీ తీగలు ఊడదీయాలి. ఇనప చక్రానికీ బోర్డుకూ మధ్య జానెడు సందు తగ్గరాదు. మరీ కిందికి పెడితే గట్టు దాటేటప్పుడు తగిలి విరుగుతుంది.

ఇన్ని చెప్పాను గాని, అసలు తప్పు చెప్పలేదు. పైన రాసిన 30 సెం.మీ. పొడవు మొదటి కొలత కాదు. మొదట చేయించింది 75 సెం.మీ. విశాలంగా, చక్కగా ఉంటుందని. ఉభాల మూడో రోజున చూద్దును గదా, దానిమీద ఇద్దరు కుర్రాళ్ళు మడ్‌గార్డు పట్టుకొని నిలబడి వస్తున్నారు. పక్కనే తిరుగుతున్న ఇనప చక్రం. నా గుండె ఆగినంత పనైంది. ఒక మనిషి జారకూడదని కట్టిన మెట్టు ఇద్దరిని చక్రం పక్కకు పిలిచింది! అరిచి ఆపించాను. మర్నాడే కోయించి ఒక్క కాలు పట్టేంతే మిగిల్చాను. నిలబడాలన్నా వీలు లేకుండా ఉండడమే ఆ బోర్డుకు కావలసిన గుణం అని నా కొలతల కాగితంలో ఎక్కడా లేదు.

బాబాయి ఇప్పుడు ఇంజను ఆపి, వెనక్కి తిరిగి దిగుతాడు. అప్పుడప్పుడు ఇంజను ఆపడం మరుస్తాడు.

కిందటి ఏడు మా ఊళ్ళో మూడు ట్రాక్టర్లకు ఇదే కొలతతో చేసిచ్చాను. నాలుగో ఆయన వచ్చి, "మాకు పొడుగుది కావాలి బాబూ, ధాన్యం మోతకి మనుషులు నిలబడాలి గదా" అన్నాడు. కాదన్నాను. ఎంత చెప్పినా వినలేదు, నేను కొలత రాసివ్వలేదు. రాజాంలో వెల్డింగు షాపులకు కొదవ లేదు. ఈ మధ్య సంతలో ఆయన ట్రాక్టరు కనిపించింది. బోర్డు నిగనిగలాడుతోంది, మూరన్నర పొడవుంది.